సంయుక్త ప్రమేయం విలువ కడితే జవాబు ఎందుకు తప్పుతోంది?

మీ లెక్క ఇది: ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 3ఎక్స్, జి(ఎక్స్) = 2ఎక్స్ − 1 అయితే (ఎఫ్∘జి)(−2) ఎంత? మీకు −50 వచ్చింది, పుస్తకంలో 40 ఉంది. పుస్తకానిదే సరైనది.

ఎఫ్(−2) = 10, జి(−2) = −5. ఈ రెంటినీ గుణిస్తే మీ −50 వస్తుంది. కానీ మధ్యలో ఉన్నది గుణకారపు చుక్క కాదు, చిన్న సున్న. ఎఫ్∘జి అనే సంయుక్త ప్రమేయం అంటే ఎఫ్(జి(ఎక్స్)), అంటే జి ఫలితాన్ని ఎఫ్‌లో పెట్టడం. చదవడం ఎడమ నుంచే అయినా, పని మాత్రం ఎక్స్‌ని ఆనుకుని ఉన్న ప్రమేయంతో మొదలవుతుంది. ముందు జి(−2) = −5. ఇక −2ని మర్చిపోండి, ఎఫ్‌లోకి వెళ్ళేది −5 మాత్రమే: (−5)² − 3(−5) = 25 + 15 = 40. వరుస తిరగేస్తే జి(ఎఫ్(−2)) = జి(10) = 19. అందుకే ఏది లోపలిదో ముందే రాసుకోవాలి.

కుండలీకరణాలు వదిలేయడం ఇంకో పెద్ద తప్పు. క్యాలిక్యులేటర్‌లో −5² అని కొడితే చాలావాటిలో −25 వస్తుంది, జవాబు −10 అయిపోతుంది. సూత్రం కట్టేటప్పుడూ ఇదే గొడవ. ఎఫ్‌లో ఎక్స్ ఉన్న ప్రతిచోటా ముందు ఖాళీ కుండలీకరణం పెట్టండి: ( )² − 3( ). తర్వాత అందులో 2ఎక్స్ − 1 నింపండి. విస్తరిస్తే 4ఎక్స్² − 10ఎక్స్ + 4. రెండో కుండలీకరణం మర్చిపోయి −3·2ఎక్స్ − 1 అని రాస్తే చివరి 4 మాయమై, −2 దగ్గర 36 వస్తుంది. ఒక్క విలువే అడిగితే అసలు విస్తరించకండి, అనవసరపు శ్రమ. నాలుగైదు విలువలు కావాలంటేనే సూత్రం లాభం.

ఎఫ్(జి(ఎక్స్)) = 40 అని ఇచ్చి ఎక్స్ అడిగినా విస్తరించనక్కర్లేదు. జి(ఎక్స్)ని టి అనుకోండి: టి² − 3టి = 40, కాబట్టి టి = 8 లేదా −5. అప్పుడు 2ఎక్స్ − 1 = 8 నుంచి 9/2, −5 నుంచి −2.

గ్రాఫులిచ్చి అడిగితే జి గ్రాఫు మీద చదివిన ఎత్తుని ఎఫ్ గ్రాఫులో అడ్డ అక్షం మీద వెతకాలి. చాలామంది నిలువు అక్షం మీద వెతుకుతారు. పట్టికలోనూ అంతే, జి ఫలితం ఎఫ్‌కి ఇన్‌పుట్ వరుసలోకి వెళ్తుంది.

ప్రదేశం (ఎక్స్‌కి పెట్టదగిన విలువలు) సంగతి సూక్ష్మీకరించక ముందే తేల్చుకోండి. ఎఫ్(ఎక్స్) = ఎక్స్², జి(ఎక్స్) = √(ఎక్స్ − 3) అయితే ఎఫ్(జి(ఎక్స్)) సూక్ష్మీకరించాక ఎక్స్ − 3 అవుతుంది. ఎక్స్ = 1 పెడితే −2 వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ వాస్తవ సంఖ్యల్లో జి(1) లేనే లేదు, కాబట్టి ఆ విలువ నిర్వచితం కాదు. ఇక్కడ ప్రదేశం ఎక్స్ ≥ 3.