గిట్ అంటే గిట్టని అబ్బాయికి డెవాప్స్ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తి చేసి విజయవాడలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి ఎనిమిది నెలలైంది. పని వచ్చు కానీ, రాసిన కోడ్‌ను ఏ రోజుకా రోజు గిట్‌లో (కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో భద్రపరిచే సాధనం) పెట్టాలన్న నియమం అతనికి నచ్చడం లేదు. ప్రతి వరుసకూ తన పేరు పడుతుందని, అది కాపలా పెట్టినట్టుందని అంటున్నాడు. ఇంటర్‌లో వారం వారం అతని మార్కులు నేనే చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఏం చేయాలో తోచడం లేదు. ఉద్యోగం మానిపించి డెవాప్స్ (రాసిన కోడ్‌ను సర్వర్ల మీదకు చేర్చి నడిపించే పని) నేర్పిద్దామని బ్రాడీపేటలో ఒక శిక్షణ సంస్థకు 5,000 రూపాయలు ముందుగా కట్టాను. ఏ దారి మంచిది? నేను మిర్చి యార్డులో కమీషన్ దుకాణానికి లెక్కలు రాస్తాను. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రెండు దారులనూ పోల్చి చెబుతాను కానీ, ముందు మీ అబ్బాయి భయం సంగతి చూద్దాం. ఇలాంటి పిల్లలు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. వారమంతా తమ ల్యాప్‌టాప్‌లోనే రాసుకుని, శుక్రవారం సాయంత్రం అంతా ఒకేసారి పైకి పంపి, వివరణ రాయాల్సిన చోట ‘మార్పులు’ అన్న ఒక్క మాట రాసి ఊరుకుంటారు. ఈలోగా పక్కవారు అదే ఫైలును మార్చి ఉండడంతో రెండింటికీ పొత్తు కుదరక, ఆ రాత్రంతా తగువు తీర్చుకుంటూ కూర్చుని, తప్పు గిట్‌దే అంటారు.

గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పని కోసం తయారు చేశారు. ఒకరి ముఖం ఒకరు చూడని వందలమంది ఒకే కోడ్ మీద పనిచేయడానికి అది పుట్టింది కానీ, ఉద్యోగులపై నిఘాకు కాదు. ఏ వరుసను చివరిగా ఎవరు మార్చారో చూపే ఆదేశానికి ‘బ్లేమ్’ అని పేరు పెట్టడాన్ని మాత్రం నేనూ మెచ్చుకోను. ఇంకో సంగతి మీ అబ్బాయి గమనించాడో లేదో: కమిట్ చేసినది, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పు, పుష్ చేసేదాకా, అంటే అందరి కోడ్ ఉండే చోటికి పంపేదాకా, అతని యంత్రంలోనే ఉంటుంది. అప్పటివరకు దాన్ని దిద్దుకోవచ్చు, నాలుగైదింటిని కలిపి ఒకటిగా చేసుకోవచ్చు. కమిట్ చేసిన పని పొరపాటున పోయినట్టు కనిపించినా, మామూలు అమరికలో కనీసం 30 రోజుల వరకు రిఫ్‌లాగ్ అనే గిట్ సొంత చిట్టా సాయంతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. ఇంత దయగల కాపలాదారు ఎక్కడా దొరకడు.

ఇక మీతో కొంత కఠినంగా మాట్లాడక తప్పదు. వారం వారం మార్కులు చూసి, తగ్గిన ప్రతి మార్కుకూ సంజాయిషీ అడిగిన ఇంట్లో పెరిగిన పిల్లవాడు, తన పేరుతో నమోదయ్యే ప్రతిదాన్నీ మార్కుల జాబితాగానే చూస్తాడు. సగం పనిని నలుగురికీ చూపించడం అతనికి ఎవరూ నేర్పలేదు. పూర్తయ్యేదాకా దాచడమే నేర్పారు. అందులో మీ వంతు ఉంది. మీరు మాత్రం చిట్టాలో పద్దు తప్పు పడితే దాన్ని గీకి చెరపరు. సరిచేస్తూ కింద ఇంకో పద్దు రాస్తారు. గిట్‌లో ‘రివర్ట్’ చేసేది సరిగ్గా అదే: పాత మార్పు అలాగే ఉంటుంది, దాన్ని రద్దు చేసే కొత్త మార్పు దాని తర్వాత చేరుతుంది.

డెవాప్స్ విషయంలో నా అనుమానాలు దాచను. ప్రోగ్రామింగ్ ఇబ్బందిగా ఉన్నవారికి అదొక సులువైన పక్కదారి అన్నట్టు బోర్డులు పెడుతున్నారు. నిజానికి పదిమంది రాసిన కోడ్‌ను కూర్చి, పరీక్షించి, సర్వర్ల మీదకు చేర్చడం ఆ పని; ఇప్పుడు చాలా చోట్ల సర్వర్ల అమరికలను కూడా ఫైళ్లుగా రాసి గిట్‌లోనే ఉంచుతున్నారు. లినక్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా రావాలి, అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఫోను మోగుతుంది. గిట్ గిట్టదని అటు వెళ్లడం పెనం మీది నుంచి పొయ్యిలో పడడమే. రెండు మూడేళ్లు కోడ్ రాశాక, ఇష్టంతో వెళ్లేవారి సంగతి వేరు.

కాబట్టి అతన్ని ఉద్యోగంలోనే ఉండనివ్వండి. ఎనిమిది నెలలకు ఈ చిరాకు సహజమే, దానికి కంగారు పడాల్సింది లేదు. తనకంటూ ఒక బ్రాంచి (అసలు కోడ్‌ను కదపకుండా విడిగా పనిచేసుకునే పాయ) పెట్టుకుని రోజుకు రెండు మూడు చిన్న కమిట్లు చేసి, ప్రతిదానికీ ఆ మార్పు ఎందుకు చేశాడో ఒక వాక్యం రాయమనండి. చేశాడా లేదా అని మీరు ఆరా తీయకండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీ చిట్టాలో మీరు సరిదిద్దిన పద్దు ఒకటి చూపించండి. బ్రాడీపేటలో కట్టిన డబ్బును మాత్రం ఈ వారంలోనే వెళ్లి వెనక్కి అడగండి.