అరిగిన నిబ్బు, గీతలు పడ్డ పలక: పెన్ ట్యాబ్లెట్‌పై పాఠకుల ప్రశ్నలు

పెన్ ట్యాబ్లెట్, అంటే పెన్నుతో గీసింది కంప్యూటర్ తెరపై పడేలా చేసే పలక, ఇప్పుడు బొమ్మలు వేసేవాళ్ల చేతిలోనే కాదు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్ల బల్ల మీదా, డీటీపీ సెంటర్లలోనూ కనిపిస్తోంది. ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెన్ను మొనకు ఉండే ప్లాస్టిక్ నిబ్బు గురించే. ఇంకు పెన్నుల రోజుల్లో పాళీ అనేవాళ్లమే, దాని స్థానంలో ఉన్నది ఇదే.

ప్రశ్న: ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. ఈమధ్య రాస్తుంటే పెన్ను కిర్రుమంటోంది. పలక మీద సన్నటి గీతలు పడ్డాయి. నిబ్బు ఇంకా బయటికి కనబడుతూనే ఉంది కదా, అప్పుడే మార్చాలా? పెట్టెలో మూడు నల్లటి పుల్లలు, ఒక చిన్న రింగు వచ్చాయి. ఆ రింగు దేనికి?
– లెక్కల అధ్యాపకురాలు, తెనాలి

జవాబు: మార్చాల్సిందే, ఇవాళే మార్చండి. నిబ్బు ఎంత మిగిలిందని కాదు, ఏ ఆకారంలో మిగిలిందని చూడాలి. కొత్త నిబ్బు మొన గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పినా జారుతుంది. వాడేకొద్దీ ఒకవైపే ఏటవాలుగా చెక్కినట్టు అరుగుతుంది. పెన్ను మీది బటన్లు వేలికి అందాలి కాబట్టి మనం దాన్ని ఎప్పుడూ ఒకే తీరులో పట్టుకుంటాం, అందుకే ఒకవైపు. ఆ ఏటవాలు చదును ముగిసే చోట ఉలి అంచులాంటి పదును తేలుతుంది. మీ పలకను గీరుతున్నది అదే. పలక గరుకెక్కితే ఆకురాయిలా మారి, రేపు వేసే కొత్త నిబ్బును ఇంకా త్వరగా తినేస్తుంది. నిబ్బును మెత్తటి ప్లాస్టిక్‌తో చేసేదే అది అరగడానికి, పలక అరగకుండా ఉండడానికి.

అంచు తేలిందో లేదో తెలియాలంటే పలక మీద నెమ్మదిగా పెద్ద సున్నా చుట్టండి. ఒకవైపు జారిపోతూ, ఇంకోవైపుకి వచ్చేసరికి పట్టుకుంటున్నట్టు అనిపిస్తే అంచు ఉన్నట్టే. ఇంకో పద్ధతి: మొనను బొటనవేలి గోరు మీద ఆనించి, పెన్నును వేళ్ల మధ్య దొర్లిస్తూ లాగండి. గోరు మీద తెల్లటి గీర పడితే ఇక ఆ నిబ్బుతో ఒక్క అక్షరం కూడా రాయకండి. ఎలా ఉన్నా సరే, బయటికి కనిపించే మొన ఒక మిల్లీమీటరుకు తగ్గనివ్వకండి. అంతకన్నా తగ్గితే పట్టుకుని లాగడానికి ఏమీ మిగలదు, పెన్ను మూతి కూడా పలకను రాసుకుంటుంది.

రింగు ఉన్నది నిబ్బు లాగడానికే. వాకమ్ కంపెనీ ట్యాబ్లెట్ 'వన్ బై వాకమ్' సీటీఎల్-472 పెట్టెలో మూడు విడి నిబ్బులతో పాటు ఇలాంటి రింగే ఇస్తారు. రింగు చీలికలో మొనను దూర్చి, రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టి, పెన్నును నిలువుగా వెనక్కి లాగండి. పక్కకు వంచకూడదు, మెలితిప్పకూడదు. రింగు పోతే సన్నమొన ట్వీజర్లు చాలు. నెయిల్ కట్టర్‌తోనూ లాగొచ్చు కానీ, కొంచెం గట్టిగా నొక్కితే మొన తెగి మిగతాది లోపలే ఉండిపోతుంది.

కొత్త నిబ్బు గుండ్రటి మొన బయటికి, చదును చివర లోపలికి. సూటిగా దూర్చి, ఇక వెళ్లదనేదాకా వేలితో నొక్కండి. సుత్తితో కొట్టినట్టు బల్ల మీద మోదకండి. దింపాక పాత నిబ్బు కొత్తలో ఎంత బయటికి ఉండేదో ఇదీ అంతే ఉండాలి. ఎక్కువ ఉంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

మీ వృత్తికి సంబంధించి ఒక మాట. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి అలవాటైన చెయ్యి పెన్నును కూడా అంతే బలంగా నొక్కుతుంది. వాకమ్ డ్రైవరులో (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) 'టిప్ ఫీల్' అనే జారుడు గుర్తు ఉంటుంది, దాన్ని 'సాఫ్ట్' వైపు జరపండి. వేరే కంపెనీల డ్రైవర్లలో నొక్కుడు వంపు గీత రూపంలో కనిపిస్తుంది, దాన్ని పైకి ఉబ్బేలా లాగండి. అప్పుడు తేలిగ్గా ఆనించినా గీత నిండుగా పడుతుంది, నిబ్బు ఎక్కువకాలం వస్తుంది. పాఠం మొదలుపెట్టే ముందు పలకను పొడిబట్టతో ఒక్కసారి తుడవండి. ఫ్యాను కింద పేరుకున్న ఇసుకరేణువు ఒక్కటి నిబ్బు కింద నలిగినా గీత పడుతుంది.

ప్రశ్న: నిబ్బు పెన్ను మూతి దగ్గరే విరిగిపోయింది. లోపలి ముక్క బయటికి రావడం లేదు. సూదితో పొడిచి తీయొచ్చా? ఫెవిక్విక్ చుక్క పెట్టి పుల్లతో అంటించి లాగమని ఒక మిత్రుడు చెప్పాడు.
– యానిమేషన్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి. బ్యాటరీ లేని పెన్నుల్లో నిబ్బు చుట్టూ ఫెర్రైట్ గొట్టం, దాని మీద రాగి తీగచుట్ట ఉంటాయి. ట్యాబ్లెట్‌లోని తీగల వల పంపే విద్యుదయస్కాంత తరంగాలను ఆ చుట్ట అందుకుని తిరిగి పంపుతుంది. పెన్ను ఎక్కడుందో ట్యాబ్లెట్‌కు తెలిసేది అలాగే. నిబ్బు వెనక చివర నొక్కుడును కొలిచే సెన్సర్‌కు ఆనుకుని ఉంటుంది. ఫెర్రైట్ పింగాణీలాంటిది, పెళుసు. సూది పక్కకు జారి దాన్ని వత్తితే బీటవేస్తుంది. తిన్నగా లోపలికి నెడితే సెన్సర్ దెబ్బతింటుంది. జిగురు సంగతికొస్తే, నిబ్బుకూ గొట్టానికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి సందు. పల్చటి జిగురు ఆ సందులోకి దానంతట అదే పాకుతుంది. నిబ్బు, ఫెర్రైట్, సెన్సర్ అన్నీ కలిసి గడ్డకట్టాక ఆ పెన్ను ఇక పనికిరాదు.

చేయాల్సింది ఇది. పెన్నును మొన కిందికి పెట్టి పట్టుకుని, రెండో అరచేతి మీద పది పదిహేను సార్లు మెల్లగా తట్టండి. నిబ్బును పట్టి ఉంచేది చిన్న బిగింపే కాబట్టి చాలాసార్లు ముక్క అర మిల్లీమీటరైనా బయటికి జారుతుంది. అది చాలు, సన్నమొన ట్వీజర్లతో పట్టి నిలువుగా లాగేయొచ్చు. ట్వీజర్లు జారుతుంటే వాటి మొనలను ఉప్పుకాగితం మీద ఒకసారి రుద్దండి, పట్టు వస్తుంది.

జారకపోతే పెన్ను ముందుభాగం చూడండి. వాకమ్ ప్రో పెన్ లాంటి కొన్నిటికి శంఖువు ఆకారంలో ఉన్న మూతి స్క్రూలా తిరిగి ఊడుతుంది. అది తీస్తే విరిగిన ముక్క కొంత బయటపడుతుంది. మూతి ఊడని పెన్నును బలవంతంగా తెరవకండి. చివరి ప్రయత్నం ఒకటుంది: గుండుసూది మొనను మంట మీద కొద్దిగా వేడిచేసి, ముక్క నడిబొడ్డున ఒక్క మిల్లీమీటరు మాత్రం దిగేలా ఆనించి, పూర్తిగా చల్లారాక నిలువుగా లాగాలి. చెయ్యి వణికితే మూతి కరుగుతుంది. ఆ ధైర్యం చాలకపోతే చేతిగడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ సన్నటి పట్టకార్లు, కంటికి పెట్టుకునే భూతద్దం ఉన్నది వాళ్ల దగ్గరే.

ప్రశ్న: పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాను. విడి నిబ్బులు కొందామంటే ప్లాస్టిక్, ఫెల్ట్, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఏది తీసుకోవాలి? అన్నీ అన్ని పెన్నులకూ పడతాయా?
– చిత్రకారుడు, రాజమహేంద్రవరం

జవాబు: పడవు. కంపెనీ ఒకటే అయినా పెన్ను మారితే నిబ్బు లావు, పొడవు మారొచ్చు. ట్యాబ్లెట్ పేరు చూసి కాకుండా పెన్ను ఒంటి మీద సన్నటి అక్షరాల్లో ఉండే నంబరు చూసి కొనండి. వాకమ్ ప్రో పెన్ 2 అయితే కేపీ-504ఈ, హ్యూయాన్ పెన్నుల్లో ఒకదానికి పీడబ్ల్యూ100, అలా ఉంటుంది. కొనేముందు ఇంట్లో వెతకండి, ఎందుకంటే చాలామంది తమ దగ్గర విడి నిబ్బులు ఉన్నాయని తెలియకుండానే కొంటారు. వాకమ్ 2017 ఇంట్యుయోస్ ప్రో ట్యాబ్లెట్‌తో వచ్చిన గుండ్రటి పెన్ను స్టాండును విప్పితే లోపల పది ఉంటాయి, ఆరు మామూలువి, నాలుగు ఫెల్ట్‌వి. ఇంట్యుయోస్ సీటీఎల్-4100 పెన్ను వెనకభాగం తిప్పి ఊడదీస్తే గొట్టంలోనే మూడు దొరుకుతాయి.

రకం విషయానికొస్తే, పలక నున్నగా ఉండి పెన్ను జారిపోతున్నట్టు అనిపిస్తే ఫెల్ట్ (పీచును నొక్కి చేసిన నిబ్బు) బాగుంటుంది. కాగితం మీద గీసినట్టు కొంచెం పట్టు ఇస్తుంది. త్వరగా అరుగుతుంది, అరిగేకొద్దీ పీచు లేస్తుంది. మీలా గంటల తరబడి రంగులు నింపేవాళ్లకు మామూలు నల్ల నిబ్బే మేలు. ముఖచిత్రంపై అక్షరాలు చేత్తో రాసేటప్పుడు మాత్రం ఫెల్ట్ వేసి చూడండి. మన అక్షరాలన్నీ ఒంపులే కదా, 'ణ', 'ఋ' లాంటివి రాస్తుంటే ఆ పట్టు వల్ల చెయ్యి నిలకడగా తిరుగుతుంది.

ప్రశ్న: గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగతో నిబ్బులు చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?
– వెబ్ డిజైనర్, కరీంనగర్

జవాబు: నిజమే. పైన చెప్పిన బ్యాటరీ లేని పెన్నుల్లో నిబ్బు పని నొక్కుడును లోపలికి చేరవేయడమే. అందులో కరెంటు పారదు కాబట్టి సరైన కొలతలో ఉన్న ఏ ప్లాస్టిక్ పుల్లైనా పనిచేస్తుంది. కష్టమంతా కొలతలోనే. మన పొలాల్లో తిరిగే బ్రష్ కట్టర్ల 2.4, 3 మిల్లీమీటర్ల తీగ లావెక్కువ. కరెంటుతో నడిచే చిన్న ట్రిమ్మర్ల సన్నతీగ కావాలి, అదీ గుండ్రటిదే. నలుపలకలది, నక్షత్రం ఆకారంలో ఉన్నది తీసుకోవద్దు.

కొత్త నిబ్బు ఒకటి దగ్గర పెట్టుకుని వెర్నియర్ కాలిపర్‌తో లావు, పొడవు కొలవండి. అరిగినదాన్ని కొలిస్తే చేసేది కూడా పొట్టిదే అవుతుంది. తీగ చుట్టగా వస్తుంది కనుక వంకర ఉంటుంది. వేడినీళ్లలో కాసేపు ఉంచి, రెండు చివర్లా లాగి పట్టుకుని చల్లారనివ్వండి. కోసిన చోట చివర నలిగి కొద్దిగా ఉబ్బుతుంది. లోపలికి వెళ్లే చివరలో ఆ ఉబ్బు మిగిలితే గొట్టంలో బిగుసుకుపోతుంది. అందుకే రెండు చివర్లనూ 600 నంబరు ఉప్పుకాగితం మీద రుద్ది, బయటి మొనను 1000 నంబరు దాని మీద దొర్లిస్తూ గుండ్రంగా చేయండి. దూర్చినప్పుడు వేలి బలానికే దిగాలి, లాగితే రావాలి. బిగుతుగా ఉంటే మళ్లీ రుద్దండి. గిటారు తీగ, ఇనుప తీగ ముక్కలు మాత్రం వాడొద్దు, పలక పాడవుతుంది.

అన్నట్టు, ఏటవాలుగా అరిగినా పొడవు మిగిలే ఉన్న పాత నిబ్బును కూడా ఇలాగే పెన్నులోంచి తీసి, మొన గుండ్రంగా రుద్ది మళ్లీ వాడొచ్చు. పెన్నులో ఉండగానే రుద్దితే పొడి లోపలికి పోతుంది.

ప్రశ్న: కొత్త నిబ్బు వేసినప్పటి నుంచి పెన్ను పలకకు తగలకముందే గీత పడుతోంది. పెన్ను పాడైనట్టేనా?
– డీటీపీ ఆపరేటర్, ఒంగోలు

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోవద్దు. డ్రైవరులో పెన్ను నొక్కుడు చూపించే పట్టీని తెరిచి, నిబ్బును తీసేసి, ఖాళీ పెన్నును పలక మీద కొద్ది ఎత్తులో పట్టుకోండి. పట్టీ సున్నా దగ్గర ఉంటే పెన్ను బాగానే ఉంది, తేడా నిబ్బులోనే. అది లావెక్కువై, లోపలికి వెళ్లాక వెనక్కి రాకుండా సెన్సర్‌ను నొక్కుతూ ఉండొచ్చు. అదే పొట్టిదైతే మీకు దీనికి తిరగబడిన కష్టం వచ్చేది, ఎంత నొక్కినా గీత పడేది కాదు.

నిబ్బు లేకపోయినా పట్టీ పైకి లేచే ఉంటే గొట్టంలో దుమ్మో ప్లాస్టిక్ పొడో చేరి ఉండొచ్చు. మొన కిందికి పెట్టి, కెమెరా లెన్సులు శుభ్రం చేసే రబ్బరు బుడగతో గాలి కొట్టండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. నూనె, స్పిరిట్ వేయొద్దు. అప్పటికీ దిగకపోతే సెన్సర్ పోయినట్టే, పెన్ను మార్చుకోవాలి. పెన్నును మొన కిందికి పెట్టి గ్లాసులో నిలబెట్టే అలవాటు ఉంటే మానండి. రాత్రంతా బరువు సెన్సర్ మీదే ఉంటుంది.

ప్రశ్న: ఐప్యాడ్ పెన్సిల్ మొనకూ ఇవే పద్ధతులా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదు. యాపిల్ పెన్సిల్ మొన స్క్రూలా బిగించి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితే ఊడి వస్తుంది. కొత్తది సవ్యంగా, వేళ్ల బిగువు మేరకే బిగించాలి. పెన్సిల్ పంపే సంకేతం ఆ మొన గుండానే అద్దానికి చేరుతుంది కాబట్టి నైలాన్ తీగతో చేసుకోవడం కుదరదు. లోపలి లోహం బయటపడేదాకా వాడకండి.

ప్రశ్న: గీతలు పడిపోయిన పలకను ఏం చేయాలి?
– కార్టూనిస్టు, అనంతపురం

జవాబు: పాలిష్ పట్టకండి, గరుకు పొర పూర్తిగా పోతుంది. థిన్నర్, స్పిరిట్ తగలనివ్వకండి. తడిపి పిండిన బట్టతో తుడిస్తే చాలు. 2017 ఇంట్యుయోస్ ప్రో లాంటి వాటికి పై షీటు విడిగా దొరుకుతుంది, పాతది ఒలిచి కొత్తది అంటించుకోవచ్చు. మిగతావాటి మీద పలక కొలతకు కోసిన పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు వేయండి. పెన్ను దాని పైనుంచి కూడా పనిచేస్తుంది. షీటు గీతలు పడితే దాన్నే మార్చుకోవచ్చు. తెల్లకాగితం పరిచినా పెన్ను పనిచేస్తుంది, గీతకు మంచి పట్టూ వస్తుంది, కానీ కాగితం నిబ్బును చాలా త్వరగా అరగదీస్తుంది.