ట్రాన్స్‌ప్లాంట్ అయి ఇంటికొస్తున్న చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాని దీవించి పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం.

నూరు రోజులు గడిచాయనీ, ఇంక ఇంటికి వెళ్లొచ్చన్నారనీ, వచ్చే వారం కాట్పాడిలో రైలెక్కుతున్నారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆ ఏడుపు సంతోషంతోనేలే. వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో 1986 నుంచీ ఈ మూలుగ మార్పిడి (బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్) వైద్యం చేస్తున్నారు కాబట్టి ఏం తినాలో, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో వాళ్లకి బాగా తెలుసు. అన్నీ కాగితం మీద రాసి ఇస్తారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని మన ఊళ్లో, మన మనుషుల మధ్య రోజులు ఎలా గడపాలో నేను చెబుతాను. మా అన్నయ్య ఇచ్చిన మూలుగతో ఇన్నేళ్లుగా తిరుగుతున్నదాన్ని.

ముందు ఒక సంగతి తెలుసుకో. రిపోర్టులో రక్తకణాల కౌంట్స్ పెరిగినంత వేగంగా ఒంట్లో సత్తువ పెరగదు. చెల్లి ఇచ్చిన కణాలు నీ ఎముకల్లో కుదురుకుని తెల్లకణాలు తయారుచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టింది కదా, అవి రోగాలతో సరిగ్గా పోరాడే స్థితికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. నీరసం కూడా అలాగే మెల్లగా వదులుతుంది. జుట్టు మొలిచి ముఖం నిండితే చాలు, కుర్రాడు మామూలైపోయాడని ఊళ్లో అనుకుంటారు. ముఖం నిండడం స్టెరాయిడ్ వల్ల కూడా అవుతుందని వాళ్లకి తెలియదు. వాళ్లు అనుకున్నంత వేగంగా నువ్వు కోలుకోకపోతే అది నీ తప్పు కాదు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది కింద కూర్చుని లేవడం. స్టెరాయిడ్ వాడినవాళ్లకి తొడల్లో కండ తగ్గిపోతుంది. పీట మీద కూర్చుని అన్నం తిన్నాక ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, సగం లేచి ఆగి, ఊపిరి తీసుకుని మిగతా సగం లేచేదాన్ని. అందుకే బాత్రూమ్‌లో కమోడ్ పెట్టించి, పక్క గోడకి ఇనపకడ్డీ బిగించమని మీ నాన్నకి చెప్పాను. ఆ పని మాత్రం నువ్వు గుమ్మం తొక్కకముందే పూర్తయి, ఇల్లు కడిగేసి ఉండాలి. గోడలు పగలగొట్టిన దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉంటుంది. మామూలు మనిషిని అది ఏమీ చేయదు, మనకైతే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గడ్డిమేటులో, పశువుల పాకలో, కుళ్లిన ఆకుల్లో, కొబ్బరి పీచు దుమ్ములో, నూర్పిళ్లప్పుడు లేచే పొట్టులో ఉండేదీ ఆ బూజే. మన ఊళ్లో వీటి మధ్యనే పుట్టి పెరిగాం కాబట్టి ఇవి ప్రమాదమని ఎవరికీ తోచదు. కోతల రోజుల్లో కిటికీలు వేసుకుని లోపలే ఉండు. వరండాలో కడియం నుంచి తెచ్చి వరసగా పెట్టిన కుండీలన్నీ దొడ్లోకి మార్పించు. వరదలొచ్చి గోడలు చెమ్మెక్కితే ఆ గదిలో పడుకోవద్దు, బూజు దులిపేటప్పుడు ఆ దరిదాపులకే రావద్దు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఇంటికొచ్చిన మొదటి వారం నుంచే ఇంట్లో ఏదో ఒక పని నీదని పెట్టుకో. చిన్నదే అయినా పరవాలేదు, అది నువ్వు తప్ప ఇంకెవరూ చేయకూడదు. నేను పొద్దున్నే మందుల డబ్బాలో ఆ రోజు మాత్రలు సర్దుకోవడంతో మొదలుపెట్టాను. అది అలవాటయ్యాక పాల లెక్క రాయడం తీసుకున్నాను, తర్వాత కూరలు తరిగే పని. ఒక్కో పనీ మా కోడలి దగ్గర నుంచి అడిగి మరీ వెనక్కి తీసుకున్నాను. "మీకెందుకండీ, పడుకోండి" అనేది పాపం. ప్రేమతోనే అనేది, కానీ ఆ మాట విని ఊరుకుని ఉంటే నేను ఇప్పటికీ మంచం మీదే ఉండేదాన్ని. నిన్నూ అలాగే అంటారు. కోప్పడకు, పని మాత్రం వదలకు.

నీకైతే రొయ్యల చెరువులు ఉన్నాయి. నీ మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. చెరువులో దిగడం, మేత బస్తాలు ఎత్తడం, పట్టుబడి రోజు వలల దగ్గర నిలబడడం ఇప్పట్లో కుదరదు. ఆ నీళ్లలో, ఆ బురదలో, రొయ్య ముల్లు గుచ్చుకున్న చోట ఏ ఇన్‌ఫెక్షన్ అంటుకుంటుందో చెప్పలేం. అలాగని చెరువుల ఊసే ఎత్తకుండా కూర్చోనక్కర్లేదు. మేత లెక్కలు, కరెంటు బిల్లులు, కమీషన్ వ్యాపారితో రేటు మాట్లాడడం, ఇవన్నీ అరుగు మీద కూర్చుని ఫోన్‌లో చేసే పనులే. మీ తమ్ముడు చెరువు దగ్గర నుంచి వీడియో కాల్ చేస్తే మేత ట్రే చూసి సలహా చెప్పు. పూర్తిగా పనిలోకి దిగేది ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, మట్టీ నీళ్ల పని కాబట్టి నీకు ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు.

నడక మానకు. పొద్దున్నే కాలువ గట్టు మీద బళ్లు, దుమ్ము లేకముందే మాస్కు పెట్టుకుని వెళ్లు. మొదట్లో పక్కింటి దాకా వెళ్లి తిరిగొచ్చినా చాలు. ఎండెక్కేలోపు ఇంట్లో ఉండాలి. చర్మం మీద పడిన ఎండ జీవీహెచ్‌డీని, అంటే చెల్లి కణాలు నీ ఒంటి మీదే దాడి చేసే జబ్బుని, రేపుతుంది. ఎప్పుడు బయటికెళ్లినా గొడుగు, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. గోదావరి కుర్రాడివి, క్రీములు రాసుకోవడానికి సిగ్గుపడతావేమో. సిగ్గుపడకు.

తిండి విషయంలో మన వాళ్ల ప్రేమతోనే నాకు భయం. ఇంటికి రాగానే ప్రతివాళ్లూ కొబ్బరి బొండం కొట్టి ఇస్తారు. ఇమ్యూనిటీని అణచి ఉంచడానికి నువ్వు వేసుకుంటున్న టాక్రోలిమస్ మాత్ర ఒంట్లో పొటాషియం పెంచుతుంది, బొండం నీళ్లలోనూ పొటాషియమే ఉంటుంది. రక్త పరీక్షలో ఆ అంకె ఎంతుందో డాక్టరుని అడిగి, తాగమంటేనే తాగు. దొడ్లో పంపర పనస చెట్టు కాపు మీదుందని మీ అమ్మ అంది. ఆ కాయ ఒక్క తొన కూడా నోట్లో వేసుకోకు. అది టాక్రోలిమస్ ఒంట్లోంచి పోకుండా ఆపి, రక్తంలో మందు మోతాదు పెంచేస్తుంది, దాంతో కిడ్నీలు దెబ్బతింటాయి. అన్నం, కూర వేడివేడిగా వండించుకుని అప్పటికప్పుడే తిను. చల్లారిపోయినవి, బయట జ్యూసులు, చెరుకు రసం, ఐసు వద్దు. నీళ్లు కాచి చల్లార్చినవే తాగు. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మన చెరువు నీళ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు కదా. పులస దొరికితే మానక్కర్లేదు, ముక్క లోపలి దాకా బాగా ఉడికిందో లేదో చూసుకుని తిను. పెరుగు, ఆవకాయ ఎప్పటి నుంచన్నది వాళ్లని అడుగు.

తిప్పతీగ కషాయం, బొప్పాయి ఆకు రసం పట్టుకుని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు, ఇమ్యూనిటీ పెరుగుతుందంటారు. నీ ఇమ్యూనిటీని డాక్టర్లు మందులిచ్చి కావాలనే అణచిపెట్టి ఉంచారు. చెల్లి కణాలు నీ చర్మాన్ని, పేగుల్ని, లివర్‌ని పరాయివనుకుని దాడి చేయకుండా ఉండాలనే అది. దాన్ని రెచ్చగొట్టే పని మనం చేయకూడదు. పైగా తిప్పతీగతో లివర్ దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. తెచ్చినవాళ్లని చిన్నబుచ్చకుండా సీసా తీసుకుని లోపల పెట్టెయ్, తాగకు.

రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో తెలిపే లెవెల్ చూపించుకునే రోజు ఒకటి గుర్తుంచుకో. రక్తం ఇచ్చేదాకా పొద్దుటి టాక్రోలిమస్ వేసుకోకూడదు. వేసుకుని ఇస్తే అంకె తప్పు వస్తుంది, దాన్ని చూసి డాక్టరు మోతాదు తగ్గించేస్తారు. నేను ఆ రోజు మాత్రని చిన్న గిన్నెలో వేసి ఎదురుగా పెట్టుకుని ల్యాబ్ కుర్రాడి కోసం కూర్చునేదాన్ని, అతను సూది తీయగానే మింగేదాన్ని. ఈ మందుతో వేళ్లు వణుకుతాయి, టీ గ్లాసు పట్టుకుంటే తొణికిపోతుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తే మెగ్నీషియం తగ్గిందేమో చూడమని చెప్పు. వణుకుతోందని, మొహం మొత్తిందని మాత్ర మానేయడం మాత్రం ఎప్పుడూ చేయకు.

జ్వరం మాట గట్టిగా చెబుతున్నాను. థర్మామీటరు దిండు పక్కనే ఉండాలి. 100.4 చూపించిందంటే అర్ధరాత్రయినా, తుఫానైనా బయల్దేరాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించుకుని తెల్లారాక చూద్దామనుకోవద్దు, పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పెట్టొద్దు. రాజమండ్రిలోనో భీమవరంలోనో ఏ ఆస్పత్రికి వెళ్లాలో, ఎవరి కారులో వెళ్లాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. పర్సులో ఒక కార్డు ఉంచుకో. ట్రాన్స్‌ప్లాంట్ అయిన తేదీ, వాడుతున్న మందులు, వేలూరు నంబరు రాయి. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ పెట్టిన రక్తమే ఎక్కించాలని కూడా రాయి. మీ ఇద్దరి బ్లడ్ గ్రూపులూ వేరైతే నీది మెల్లగా చెల్లి గ్రూప్‌లోకి మారుతుంది, పాత గ్రూప్ రాసి ఉన్న కాగితాలు మాత్రమే చూసి రక్తం ఎక్కించనివ్వకు.

ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. నెలలు గడిచాక కళ్లు పొడారి ఇసక పడ్డట్టు ఉన్నా, ఎప్పుడూ తినే కారానికే నోరు మండుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా అదీ చెప్పాలి. నోరు మండితే కారం ఎక్కువైందని వంట చేసినవాళ్ల మీద విసుక్కుంటాం. అది జీవీహెచ్‌డీ అయ్యుండొచ్చు.

బాబు సంగతి. వాడిని ఎత్తుకో, ఆడించు, వాడి కోసమే కదా ఇదంతా. దగ్గు, జలుబు ఉన్న రోజు మాత్రం అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టండి. పల్స్ పోలియో చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది, అది పిల్లల విరేచనంలో కొన్ని వారాల దాకా వస్తుంది. అందుకే చుక్కల ముందు డాక్టరుని అడగండి, వేయించాక వాడి గుడ్డలు నువ్వు ముట్టుకోకు. నీకూ పసిపిల్లాడికి వేసినట్టే టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలి, చిన్నప్పుడు వేసినవి ఇప్పుడు పనిచేయవు. ఆరు నెలలు, ఏడాది మధ్యలో మొదలుపెడతారు. తట్టులాంటి వాటికి వేసే లైవ్ టీకాలు రెండేళ్లు దాటాకే. రెండో బిడ్డ గురించి ఏమైనా అడగాలంటే మీ ఇద్దరూ కలిసి డాక్టరుని నేరుగా అడగండి. పెద్దవాళ్లం వింటామని మొహమాటపడొద్దు.

అన్నవరంలో వ్రతం మొక్కుకున్నారట. జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ, 2027 పుష్కరాల్లో స్నానానికీ నిన్ను తీసుకెళ్లాలని మీ నాన్న అనుకుంటున్నాడు. ఆ జనంలోకి, ఆ నీళ్లలోకి నువ్వు వెళ్లొద్దు. నీ పేరున మీ నాన్న మునిగి వస్తాడు, నేను మాట్లాడతాను. మొక్కులు ఎప్పుడైనా తీర్చుకోవచ్చు.

బతికొచ్చినందుకు అందరూ సంబరపడుతుంటే నీకు దిగులుగా ఉండొచ్చు. నాకూ ఉండేది. ప్రతి పరీక్షకి ముందు రోజు నిద్రపట్టేది కాదు. చెల్లికి రుణపడిపోయానన్న మాట మనసులో తిరుగుతుంటుంది. ఆ మాట చెల్లితోనే అను, అది నిన్ను తిడుతుంది, నీ మనసు తేలికపడుతుంది. దిగులు వారాల తరబడి తగ్గకపోతే వేలూరు వెళ్లినప్పుడు అక్కడి సైకియాట్రిస్టుకి చూపించుకో. అది కూడా ఈ వైద్యంలో భాగమే.

నీ భార్య ఇన్ని నెలలూ ఆస్పత్రి గదిలో కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. ఆ పిల్ల ఏమీ అడగదు. బాబుని తీసుకుని పదిరోజులు పుట్టింటికి వెళ్లి పడుకుని రావాలి. ఆ పదిరోజులూ నేను మీ ఇంట్లో ఉంటాను. నాకు దగ్గూ జలుబూ లేకుండా చూసుకుని, ఫ్లూ టీకా వేయించుకుని వస్తాను, వంట నేనే చేస్తాను. లెవెల్ చూపించుకునే తేదీ ఎప్పుడో చూసి ఫోన్ చేయి, దానికి ముందురోజుకి రావులపాలెంలో బస్సెక్కేలా చూసుకుంటాను.

మీ పెద్దమ్మ