ఓబీ డంపుల (బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన మట్టి గుట్టల) మీద పచ్చదనం నిజంగా నిలబడిందని ఎలా తెలుస్తుంది?

సింగరేణి ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల మీద నాటిన మొక్కలు శాటిలైట్ ఫొటోలో పచ్చగా కనబడితే అడవి తిరిగి వచ్చినట్టేనా అని అడిగారు. ఆ ఒక్కదాంతో చెప్పలేం.

శాటిలైట్‌తో కొలిచేది ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనాన్ని చెప్పే సూచిక. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. యూరప్ శాటిలైట్ సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో (ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం) ఉచితంగా దొరుకుతాయి. పాత ఏళ్ల చిత్రాలకు అమెరికా శాటిలైట్ ల్యాండ్‌శాట్ చూడండి.

చిక్కేమిటంటే వయ్యారిభామ, సర్కారు తుమ్మ కూడా పచ్చగానే కనబడతాయి. సెప్టెంబర్‌లో బోడి గుట్టకూ గడ్డి మొలుస్తుంది. అందుకే ఏటా ఒకే నెలలో, గడ్డి ఎండి టేకు ఇంకా ఆకు రాల్చని డిసెంబర్ ప్రాంతంలో, పక్కనున్న తవ్వని అడవితో పోల్చాలి.

తర్వాత గుట్ట ఎక్కాల్సిందే. తాడుతో 10 మీటర్ల చదరం కట్టి, ఏ చెట్లు, ఎన్ని బతికాయి, కాండం చుట్టుకొలత ఎంత అన్నది రాసుకోండి. అన్నిటికన్నా నేను నమ్మే గుర్తు, ఎవరూ నాటకుండా వచ్చిన మొలకలు: పిట్టలు తెచ్చిన వేప, గాలికి వచ్చిన మోదుగ. రాలిన ఆకును చేత్తో పక్కకు తీయండి. అడుగున చివికి నల్లబడుతుంటే మట్టి తయారవుతున్నట్టు. వాలు మీద వాన గండ్లు ఏటేటా లోతవుతుంటే మాత్రం, పైన ఎంత పచ్చగా ఉన్నా గుట్ట ఇంకా కుదురుకోలేదు.

అమెరికాలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులపై వచ్చిన 1977 చట్టం, నాటిన పచ్చదనం నిలబడేలా చూసే బాధ్యతను గని యజమానిపై కనీసం 5 ఏళ్లు, వాన తక్కువ చోట 10 ఏళ్లు ఉంచుతుంది.