యాంటీబాడీ కనబడకపోతే పరాన్నజీవి లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల పేగుల్లోకి పరాన్నజీవుల్ని ఎక్కించి, యాంటీబాడీలు వస్తాయా అని చూస్తారట. శక్తే లేనప్పుడు చూసేదేముంటుంది? ఇంకో సంగతి, మావారికి కిడ్నీ మార్పిడి అయింది, నెల నుంచి విరేచనాలు. పేగు పురుగుల కోసం చేసిన రక్త పరీక్షలో యాంటీబాడీలు లేవన్నారు. ఇక టెన్షన్ పడక్కర్లేదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటేనండీ. రోగనిరోధక శక్తి లేదు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో ఏది లేదన్నదే అసలు సంగతి. ఒంటి మీద బొచ్చు లేని 'న్యూడ్' ఎలుకలకి థైమస్ గ్రంథి ఉండదు, అందుకని రోగనిరోధక శక్తిని నడిపించే తెల్ల రక్తకణాలైన టి కణాలు తయారుకావు. యాంటీబాడీలు చేసే బి కణాలు మాత్రం ఉంటాయి. మామూలు ఎలుకకి జియార్డియా మ్యూరిస్ అనే పేగు పరాన్నజీవిని ఎక్కిస్తే పేగులో ఐజీఏ అనే యాంటీబాడీ తయారై కొన్ని వారాల్లో ఆ పరాన్నజీవి వదిలిపోతుంది, అదే న్యూడ్ ఎలుకలో నెలల తరబడి ఉండిపోతుంది, ఎందుకంటే టి కణాల సాయం లేనిదే బి కణాలు సరైన ఐజీఏ చేయలేవు. ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికే ఆ ఎలుకలు కావాలి.

స్కిడ్ ఎలుకలు ఇంకో రకం. 1983లో ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు వాటి గురించి ప్రకటించారు. రక్తంలో యాంటీబాడీలు లేకపోవడం చూసే వాటిని గుర్తుపట్టారు. వాటికి టి, బి రెండూ లేవు. క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి పడితే వదలదు. అలాగని యాంటీబాడీలే అన్నీ చేస్తాయనుకోవద్దు, విప్‌వార్మ్ అనే సన్నటి పేగు పురుగున్న స్కిడ్ ఎలుకలకి సీడీ4 అనే ఒక రకం టి కణాలు మాత్రమే ఇస్తే, యాంటీబాడీలు లేకుండానే పురుగుల్ని బయటికి నెట్టేశాయి. నాకు ఈ ప్రయోగమంటే చాలా ఇష్టం.

ఇప్పుడు మీవారి సంగతి. మార్పిడి తర్వాత వాడే మందులు ముఖ్యంగా టి కణాల్నే అణుస్తాయి. కాబట్టి పరాన్నజీవి ఉన్నా యాంటీబాడీ తగినంత రాకపోవచ్చు, నెగిటివ్ అంటే లేదని కాదు. మలపరీక్ష ఒక్కసారి కాదు, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించమని అడగండి. క్రిప్టోస్పోరిడియం కోసం విడిగా చూడమని పేరు పెట్టి చెప్పండి, మామూలు మలపరీక్షలో అది దొరక్కపోవచ్చు. స్టీరాయిడ్లు వాడుతుంటే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఒంట్లోనే పెరిగిపోయి ప్రాణం మీదకి తెస్తుంది, దాన్నీ తోసిపుచ్చాలి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. విరేచనాల వల్ల, కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మందు మోతాదు రక్తంలో పెరిగిపోయి కిడ్నీకే చేటు చేయొచ్చు, అందుకని నెల రోజులైందంటున్నారు గనక రేపే మార్పిడి చేసిన డాక్టరు గారికి చెప్పండి.