ఊహించుకుంటే జరిగిపోతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: "నీ ఊహే దేవుడు. కావలసింది దొరికేసినట్టు ఊహించుకుని ఆ సంతోషంతోనే నిద్రపో, జరిగి తీరుతుంది" అని వీడియోల్లో చెబుతున్నారు. ఇదంతా మన ఉపనిషత్తుల్లో ఉన్నదే అని కూడా అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజమండీ. మిగతా సగం వాళ్లు చెప్పకుండా వదిలేస్తున్నారు.

పేరు చెప్పినా చెప్పకపోయినా ఆ వీడియోల్లో మాటలు ఎక్కువగా నెవిల్ గొడార్డ్‌వే. 1905లో బార్బడోస్‌లో పుట్టి, కుర్రతనంలోనే న్యూయార్క్ చేరి, 1972లో పోయేదాకా అమెరికాలో ఉపన్యాసాలిచ్చిన ఆయన. బైబిల్లో ఉన్నది ఎప్పుడో జరిగిన చరిత్ర కాదు, ప్రతి మనిషి లోపలా జరిగే నాటకం అనేవారు. ఊహాశక్తిని దైవంగా చూడటం మాత్రం ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు, అంతకు నూట పాతికేళ్లకు పైగా ముందే ఇంగ్లిష్ కవి బ్లేక్ ఆ మాట అన్నాడు. మరో ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ 1817లో, అనంతమైన 'నేను ఉన్నాను' (బైబిల్లో దేవుడు తనకు చెప్పుకున్న పేరు) చేస్తున్న సృష్టినే మనిషి ఊహ తన చిన్న మనసులో మళ్లీ చేస్తోందని రాశాడు. నెవిల్ కూడా చివరి పది పన్నెండేళ్లలో కోరికలు తీర్చుకోవడం గురించి కన్నా, మనిషిలో నిద్రపోతున్న దేవుడు మేలుకోవడం గురించే ఎక్కువ మాట్లాడారు. అది రెండు నిమిషాల వీడియోలో పట్టదు కాబట్టి కత్తిరించేస్తారు, ఉద్యోగం, కారు, పెళ్లి మాత్రం ఉంచుతారు.

ఇక ఉపనిషత్తులు. కలలో రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, అయినా వాటన్నిటినీ కలగనేవాడే సృష్టించుకుంటాడు, అతడే కర్త అంటుంది బృహదారణ్యకం. మనిషి ఊహకు ఇంతకంటే గొప్ప గౌరవం ఇంకెవరిచ్చారు? తైత్తిరీయంలో "అనేకం అవుతాను, పుడతాను" అని పరమాత్మ కోరుకున్నాడని ఉంది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. కానీ వెంటనే వచ్చే వాక్యం, ఆయన తపస్సు చేశాడని. ఆ తర్వాతే ఈ సమస్తాన్నీ సృష్టించాడు, సృష్టించి అందులోకే ప్రవేశించాడు. కోరికకూ సృష్టికీ మధ్య తపస్సు ఉంది, సృష్టి తర్వాత దూరంగా కూర్చుని ఫలితం అందుకోవడం కాకుండా అందులోకి తానే వెళ్లడం ఉంది. ఛాందోగ్యం చివరి అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. తలచుకున్నంత మాత్రాన తండ్రులు, తల్లులు, స్నేహితులు, ఏది కోరితే అది ఎదుట నిలుస్తుందని అక్కడ నిజంగానే ఉంది. ఎవరికి? ఆత్మను తెలుసుకుని వెళ్లినవాడికి. ముసలితనం, చావు, దుఃఖం, ఆకలి, దాహం అంటనిదే ఆత్మ అని అంతకు ముందే చెప్పి, దాని సంకల్పాలు సత్యాలని అంటుంది. మనలాంటి వాళ్ల సంగతీ చెప్పింది: నిధి పాతిపెట్టిన చోటు తెలియక రోజూ దాని మీదే నడిచి వెళ్లేవాళ్లలా ఉన్నాం, మన సత్యమైన కోరికలను అసత్యం కప్పేసింది అని. అంటే ముందు ఆ కప్పు తొలగాలి. ఆకలీ దాహం దాటినవాడు ఇక కారు ఎందుకు కోరతాడో నాకైతే అర్థం కాదు, అది వేరే సంగతి.

ఊహ దైవశక్తి అన్న మాటలో నాకు అభ్యంతరం లేదు. ఆ శక్తి చేతికి రావాలంటే "నాకు కావాలి" అనే ఈ 'నేను' మారాలని సంప్రదాయాలన్నీ అంటుంటే, దాన్ని మారకుండా అలాగే ఉంచి పని చేయించుకోవచ్చని చెప్పడం దగ్గరే నాకు పేచీ.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా మంచి ఉద్యోగం వచ్చినట్టు రోజూ రాత్రి ఊహించుకుంటున్నాను. రాలేదు. అడిగితే "నీ నమ్మకంలోనే లోపం ఉంది" అన్నారు. నిజంగా నాలోనే లోపం ఉందా?

జవాబు: లేదు. జరిగితే పద్ధతి గొప్పతనం, జరక్కపోతే మీ లోపం అంటే, ఆ పద్ధతి ఎప్పటికీ తప్పని తేలదు. ఇలాంటి లెక్కలో ఓడిపోయేది ఎప్పుడూ మీరే. ఆ మాట మనసులోంచి తీసేయండి.

అసలు ఈ విషయం మీద పరిశోధనలు కూడా ఉన్నాయి. గాబ్రియేల్ ఓటింగన్ అనే మనస్తత్వవేత్త, చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లను గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకున్న వాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకు వచ్చిన అవకాశాలూ తక్కువే, జీతాలూ తక్కువే. "నాకు వస్తుంది" అన్న అంచనా ఉన్నవాళ్లు మాత్రం బాగానే చేశారు. నమ్మకం మేలు చేసింది, వచ్చేసినట్టు అనుభవించేయడం చేటు చేసింది. ఊహలోనే పని పూర్తయిపోతే లేచి వెళ్లే ఊపు తగ్గుతుందని ఆవిడ వివరణ. కోరుకున్నదాన్ని ఊహించుకుని, వెంటనే దానికి అడ్డం ఏముందో కూడా ఊహించుకోమని ఆవిడ సలహా. రాత్రి ఊహ మానక్కర్లేదు, కానీ అందులో ఇంటర్వ్యూలో మీరు తడబడే ఆ ఒక్క ప్రశ్న కూడా ఉండాలి, పొద్దున లేచి దానికి జవాబు తయారు చేసుకోవాలి. పైన చెప్పిన తపస్సు మీ విషయంలో ఇదే అనుకోండి.

ప్రశ్న: ధ్యానంలో ఇష్టదైవం రూపాన్ని నిలుపుకోమంటారు. కళ్లు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏమీ కనిపించదు, అమ్మ ముఖం కూడా. నాకు ఆధ్యాత్మికత పనికిరాదా?

జవాబు: ఎంత మాట! మనసులో బొమ్మ కట్టకపోవడం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. ఆడమ్ జెమన్ అనే నరాల వైద్యుడు 2015లో దానికి అఫాంటేసియా అని పేరు పెట్టారు. నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఇలాంటివాళ్లు ఉంటారని అంచనా. జబ్బేం కాదు, చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

దారులు కూడా ఒక్కటే కాదు. 16వ శతాబ్దపు స్పెయిన్‌నే తీసుకోండి. అక్కడ ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు, క్రీస్తు పుట్టుక గురించి ధ్యానించేటప్పుడు నజరేతు నుంచి బేత్లెహేముకు వెళ్లే దారి ఎంత పొడవు, ఎంత వెడల్పు, మిట్టగా ఉందా పల్లంగా ఉందా అని కూడా ఊహించుకోమన్నాడు. ఆ శతాబ్దంలోనే, ఆ దేశంలోనే జాన్ ఆఫ్ ద క్రాస్ అనే మరో క్రైస్తవ సాధకుడు, ఒక దశ దాటాక రూపాలన్నిటినీ పక్కన పెట్టేయమన్నాడు. ఇద్దర్నీ చర్చి సెయింట్లుగానే గౌరవిస్తోంది. మీకు నామజపం ఉంది, శ్వాస ఉంది, ఆత్మవిచారణ ఉంది. ఒకాయన వెన్నెల్లాంటి రూపం చూశానని చెబితే వినండి, అసూయ పడకండి.

ప్రశ్న: మనం మనసులో కల్పించుకున్న దేవుడు నిజమైన దేవుడెలా అవుతాడు? మన బొమ్మకు మనమే దండం పెట్టుకుంటున్నట్టు లేదూ?

జవాబు: ఈ అనుమానం భక్తులకూ ఉంది, వాళ్లు దాన్ని దాచుకోలేదు. సూఫీ గురువు ఇబ్న్ అరబీ (1165–1240), ప్రతివాడూ పూజించేది తన విశ్వాసంలో తాను తయారు చేసుకున్న దేవుణ్ణే అని తేల్చేశాడు. అలాగని అది అబద్ధమనలేదు, ఆ రూపంలోనూ కనిపించేది ఆయనే, కాకపోతే ఆ ఒక్క రూపానికే కట్టుబడి మిగతావాటిని కాదనడం అజ్ఞానం అన్నాడు. టిబెట్ వజ్రయాన బౌద్ధులు ఇంకా ముందుకు వెళతారు. దేవతను నగలతో, ఆయుధాలతో, రంగులతో సహా వివరంగా నిర్మించి, తామే ఆ దేవత అని భావించి, చివరికి మొత్తాన్ని శూన్యంలో కరిగించేస్తారు. కట్టడం సగం సాధన, కరిగించడం మిగతా సగం.

తమిళ శివభక్తుల కథలు చెప్పే పెరియపురాణంలో పూసలార్ అనే భక్తుడి కథ ఉంది. శివుడికి గుడి కట్టాలని కోరిక, చేతిలో డబ్బు లేదు. మనసులోనే ధనం కూడబెట్టి, ముహూర్తం చూసి, పునాది వేసి గుడి పూర్తి చేశాడు. కంచిలో పల్లవ రాజు రాతి గుడి కట్టించి అదే రోజు ప్రతిష్ఠ పెట్టుకుంటే, శివుడు కలలో కనిపించి, ఆ రోజు నేను పూసలార్ గుడికి వెళ్లాలి, నీది ఇంకో రోజు పెట్టుకో అన్నాడట. రాజు వెతుక్కుంటూ వచ్చి చూస్తే అక్కడ గుడే లేదు. పురాణ కథే, చరిత్ర అనడం లేదు. కానీ గమనించండి, పూసలార్ ఊహించింది తనకోసం తెచ్చుకోవడానికి కాదు, ఇవ్వడానికి. మీరన్న బొమ్మ సంగతి అక్కడ తేలుతుంది. ఆ ఊహ మీ అహాన్ని పెంచుతుంటే అది బొమ్మే. తగ్గిస్తుంటే, దాన్ని ఏ పేరుతో పిలిచినా నాకు గొడవ లేదు.

ప్రశ్న: ఊహలు నిజమవుతాయని విన్నప్పటి నుంచీ టెన్షన్ ఎక్కువైంది. పిల్లలకు ప్రమాదం జరిగినట్టు ఆలోచనలు వస్తుంటాయి. అవి నిజమైపోతాయా?

జవాబు: కావు. అడక్కుండా వచ్చే చెడ్డ ఆలోచనలు దాదాపు అందరికీ వస్తాయి, రాక్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లోనే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇవి మామూలేనని చూపించారు. వచ్చి పోయే ఆలోచనకూ, మీరు పూని నిలబెట్టుకునే సంకల్పానికీ సంబంధం లేదు. వాటిని ఆపాలని పెనుగులాడితే ఇంకా ఎక్కువవుతాయి, రానిచ్చి పోనివ్వండి. రోజులో చాలా సేపు అదే పనిగా వస్తున్నా, ఆ భయం పోవడానికి ఏదో ఒక పని పదే పదే చేయాల్సి వస్తున్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. దీనికి మంచి చికిత్స ఉంది. పూజ మానక్కర్లేదు, కానీ ఆ వీడియోలు మాత్రం కొంతకాలం చూడకండి, డాక్టరుగారికి వాటి సంగతి కూడా చెప్పండి.