నల్లి మందు తేనెలో మిగులుతుందా, మైనంలోనా?

తేనెటీగలను పీడించే వరోవా నల్లి కోసం తేనెటీగల పెట్టెలో వేలాడదీసే మందు పట్టీల అవశేషాలు తేనెలోకి వస్తాయా అని అడిగారు. వస్తాయి, కానీ కొద్దిగానే. అసలు నిల్వ మైనంలో ఉంటుంది. ఆ పట్టీల్లో వాడే ఫ్లువాలినేట్, కౌమాఫోస్ మందులు రెండూ కొవ్వులో కరిగే రకం. తేనె చూస్తే చక్కెర నీళ్లు, మైనమేమో కొవ్వు జాతి.

చిక్కేమిటంటే మైనాన్ని మళ్లీ మళ్లీ వాడతారు. పాత తేనెపట్టు కరిగించి, ఈగలు గదులు కట్టుకోవడానికి ఆధారంగా కొత్త మైనపు షీట్లు పోస్తారు. మైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది. ఆ వేడికి కౌమాఫోస్ చెక్కుచెదరదు, ఏటికేడు పోగవుతుంది. అమెరికాలో 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 98 శాతం మైనం నమూనాల్లో ఈ రెండు మందులూ బయటపడ్డాయి. తేనె తినే మనకన్నా ఆ గదుల్లో పెరిగే పిల్లపురుగులకు, ముఖ్యంగా రాణి ఈగకు, దెబ్బ ఎక్కువ.

అమిట్రాజ్ అనే మరో నల్లి మందు త్వరగానే విడిపోతుంది, కానీ దాని ముక్కలు మిగులుతాయి. తేనెలో కిలోకు 0.2 మిల్లీగ్రాములన్న ఐరోపా సమాఖ్య పరిమితి వాటిని కూడా కలిపి లెక్కించేదే.

నల్లి మందుగానే వాడే ఆక్సాలిక్, ఫార్మిక్ ఆమ్లాలు మైనంలో పేరుకోవు. తేనెలో సహజంగానే కాస్త ఉంటాయి. నా ఓటు వాటికే, కాకపోతే మండుటెండల్లో ఫార్మిక్ ఈగలకే ముప్పు. పట్టీలే వాడితే తేనె అరలు దించాకే పెట్టండి, గడువుకు తీసేయండి. షీట్లకు నల్లబడ్డ పాత పట్టు వద్దు, తేనె తీసేటప్పుడు కోసిన మూతల మైనం వాడండి.